ట్రాక్ పాట

మా రిక్షా ముందు పలక మీద
'మౌలాలి బ్రాస్ బ్యాండు, పొదిలి' అని
పచ్చరంగుతో రాయించాడు నాయన.
చివర్లో కాస్త ఖాళీ మిగిలితే
పెయింటరు ఊరికే ఒక చిలకను దించాడు.
ఆ చిలకే మా అక్క అని తర్వాత అందరూ అన్నారు గాని
అప్పటికి అక్క ఇంకా పాడలేదు.

పాడింది దర్శి పెళ్లిలో.
పాటగాడు చెన్నారాయుడు తాగి
తూముకాడ పడిపోయాడు.
ఎదురుకోలు మొదలైంది.
పెళ్లికొడుకు మేనమామ అడ్వాన్సు సంగతి ఎత్తాడు.
తొమ్మిదేళ్ల కాశింబీని
నాయన చంకల కింద చేతులేసి ఎత్తి
జనరేటరు పక్కన నిలబెట్టాడు.
మైకు దాని నోటికి అందలేదు.
నేను వంచి పట్టుకున్నా.
ఆ రాత్రి నుంచి నా కొలువు అదే.

ముందు చిన్నాన్నలిద్దరూ ట్రంపెట్లు,
పెదనాన్న యుఫోనియం
(ఆయన బుగ్గలు ఉపవాసాల్లో కూడా నిండుగానే ఉండేవి)
మస్తానన్న సైడ్ డ్రమ్ము, నాయన క్లారినెట్టు.
ఇంత ఇత్తడిని దాటి పోవాల ఆడపిల్ల గొంతు.
అక్క దాటేది కాదు.
కంచెలో మేకపిల్ల దూరినట్టు
సందు చూసి దూరేది.

రాములోరి పందిట్లో పాడింది,
పీర్ల గుండం చుట్టూ పాడింది,
కనిగిరిలో కొత్త చర్చి తెరిస్తే పాడింది.
ఏ దేవుడికైనా రేటు ఒకటే.
ఎవరింట్లోనైనా మా పంక్తి వేరే.

నెల్లూరు రొట్టెల పండక్కి
చెరువులో మోకాల్లోతు దిగి
"పాట రొట్టె ఎవరికాడుంది?" అని అరిచింది.
జనం నవ్వారు.
పెళ్లి రొట్టె ఉంది, ఇంటి రొట్టె ఉంది, వీసా రొట్టె కూడా ఉంది.
ఒక ముసలామె కొంగు విప్పి
"ఇది దేని రొట్టో మర్చిపోయా, తినమ్మా" అంది.

ఆ ఏడే మద్రాసు నుంచి కబురొచ్చింది.
గూడూరు దాటాక రైల్లో అక్క నోరు తెరవలేదు,
గొంతు అరుగుద్దని.

ట్రాక్ అంటే ఏందని నాయన అడిగితే
అక్క ఉత్తరంలో రాసింది:
సెంట్రింగు చెక్కలాంటిది నాయనా,
స్లాబు గట్టిపడ్డాక ఊడదీస్తారు.

నాలుగేళ్లలో నూటపదకొండు పాటలు.
ఒక్కొక్కటే పెద్ద గొంతు వచ్చింది,
ఒక్కొక్కటే అక్కను తుడిచారు.
ఒక పాటలో మాత్రం
పల్లవికి ముందు ఊపిరి పీల్చిన చప్పుడు
అట్టాగే ఉండిపోయింది.
ఇంజనీరు మరుపో, దయో.

అక్క తిరిగొచ్చింది.
ఎందుకని ఎవరూ అడగలేదు.
నాయన క్లారినెట్టుకు కొత్త రీడు వేసుకుంటా కూర్చున్నాడు,
వేసిందే తీసి మళ్లీ వేసుకుంటా.

ఆ పాట అప్పటికే ఊరూరా మోగుతుంది.
వాయించకపోతే పెళ్లివారు ఒప్పుకోరు.
పల్లవి ముందర
నాయన నోట్లోంచి క్లారినెట్టు తీసేవాడు.
డ్రమ్ము ఆగేది.
అంత ఇత్తడీ
ఒక్క ఊపిరి సేపు ఊరుకునేది.
తాళం తప్పారని మార్కాపురంలో ఒకాయన
రెండొందలు కోసుకున్నాడు.
నాయన బేరమాడలేదు.

తర్వాత డీజేలొచ్చాయి.
యుఫోనియం పాతసామాన్ల కొట్లో
తూకానికి పోయింది.
చీమకుర్తి రాతి దుమ్ము మస్తానన్న ఛాతీలో చేరింది,
రాత్రిళ్లు ఆయన దగ్గుకే ఇప్పుడు దరువు.
చిన్నాన్నలు టంగుటూరు పొగాకు బేరన్ల కాడ.
రిక్షాలో కోళ్లు పొదుగుతున్నాయి.
చిలక ముక్కు ఎరుపు మాత్రం వదల్లేదు.

నిన్న పొద్దుగూకి
రోడ్డు మీద డీజే బండి పోతా ఆ పాట పెట్టింది.
కిటికీ రెక్కలు అదిరాయి.
అక్క వాకిట్లో చింతపిక్కలు తీస్తా ఉంది.
తలెత్తలేదు.
ఆ చోటు రాగానే
రొమ్ము ఒక్కసారి పైకి లేచి దిగింది.
అంతే.
ఆపైన పాట పెద్దామెది.

నన్ను చూసి అక్క నవ్వింది.
"చెయ్యి దించరా నాగూరూ,
తిమ్మిరెక్కుద్ది."