మినిట్స్ పుస్తకంలో రాయనిది

పాత పోస్టాఫీసు వీధిలో
తాళ్ళ కొట్టు మీద మేడగది.
నెలకో రెండో ఆదివారం మాది.
ఫ్యాన్లు రెండు, తిరిగేది ఒకటే.
కిటికీ తెరిస్తే బొగ్గుపొడి, మూస్తే చెమట.
ఈ సంగతి మీద ఏటా ఒక తీర్మానం.

ఇవాళ జామి నరసింగరావు గారి నూరో పుట్టినరోజు.
హార్బరులో గుమస్తా, మా ఊరి కథకుడు.
ఫొటోకి కనకాంబరాల దండ.
వచ్చినవాళ్ళం ఇరవైముగ్గురం,
ఉప్మా ముప్ఫైమందికి.

ప్రిన్సిపాలు విశ్వంభరం గారు లేచి
గంప కథ అందుకున్నారు.
అడుగు ఊడిన గంప అంటే శూన్యం అన్నారు.
తుఫానులో కొట్టుకుపోయిన ఆ చేపలమనిషి
ఒక యుగాంతం అన్నారు.
యారాడ కొండ పక్కనుంచి ఓడ కూసింది.
ఆగారు.
కూత ఆగాక మళ్ళీ యుగాంతం అన్నారు.
కార్యదర్శిని కదా, అన్నీ రాసుకుంటున్నాను.

మెట్ల మీద చప్పుడు.
డెబ్భై దాటిన ఒకావిడ,
ముక్కుకి రెండువైపులా పుడకలు,
చెప్పులు చేత్తో పట్టుకుని.
"తెడ్డు దానయ్యమ్మనండి, జాలారిపేట.
ఆ గంప మాయమ్మదేనండి."

ఎవరో కుర్చీ జరిపారు. కూచోలేదు.

"మాయమ్మ తుపానుకి పోనేదు బాబూ.
నూరేళ్ళకి నాలుగు తక్కువ, మొన్నటిదాకా బతికింది.
కతలో నువ్వు సచ్చిపోనావని ఎవులో సదివి సెప్తే
గంపెత్తుకుని సీదా ఆపీసుకే ఎల్లిపోనాది.
నన్నెందుకు సంపీసినావు బాబూ అనడిగింది.
కతకి కావాలమ్మా అన్నారంట, తలొంచుకుని.
మరి నా బేరమో?
సచ్చినదాని కాడ సేపలెవులు కొంటారు? అంది.

ఆ శనారం మొదలు, రిటైరయ్యేదాకా
వారంవారం ఆరే కొన్నారు.
ముక్క ముట్టని ఇల్లు కదండీ,
గోదాం ఎనకాల పిల్లులకి ఏసీవోరు."

ఎవరూ దగ్గలేదు.
ప్రిన్సిపాలు గారి చేతిలో ఇంకా నాలుగు పేజీలున్నాయి.
ఫొటో వైపు చూశాను.
ఇన్నేళ్ళూ చిరునవ్వు అనుకున్నది
ఎవరికో బాకీపడ్డ మూతిలా ఉంది.

"ప్రసంగానంతరం సభికురాలొకరు" అని మొదలుపెట్టి
కొట్టేశాను.
"కథకుని మానవీయత" అన్నాను,
అదీ కొట్టేశాను.
హాజరుపట్టీలో ఇరవైనాలుగో నంబరు పక్కన
ఆవిడ వేలిముద్ర,
సిరా ఎక్కువై కింది గీత దాకా పాకింది.

ఉప్మా ప్లేటు అందిస్తూ అడిగాను,
ఏ చేపలు కొనేవారని.
"కవళ్ళండి. ముళ్ళెక్కువ, సవక."
నమిలి, మింగి,
"పిల్లికి ముళ్ళేటి బాబూ" అంది.

కిటికీ ఎవరు తెరిచారో,
దండ మీద సన్నగా బొగ్గుపొడి.
ఉప్మా ఇంకా ఆరుగురికి మిగిలింది.