రెండుంబావు జాబు

మెట్ల కింద, చెప్పుల స్టాండు పక్కన
సర్వరు.
అఫ్జల్‌గంజ్ పార్శిల్ ఆఫీసులో
నాకు అప్పజెప్పినవి మూడు:
ఒక తాళంచెవి,
పాస్‌వర్డు రాసిన అగ్గిపెట్టె అట్ట,
"అన్నీ ఇలియాస్ భాయే చూసుకునేటోడు" అనే మాట.

ఇలియాస్ భాయ్ ఎక్కడున్నాడో ఎవరికీ సరిగా తెలియదు.
షాహీన్‌నగర్‌లో ఇల్లు కట్టాడని ఒకరు,
గుండెకు స్టంటు పడ్డాక బయటికి రావట్లేదని ఒకరు.
సర్వరులోకి మాత్రం
రోజూ రాత్రి డ్యూటీకి వస్తున్నాడు.

డిస్కు తొంభై ఆరు శాతం నిండింది.
షెడ్యూలు తెరిచాను.
పద్నాలుగు బ్యాకప్ జాబులు,
అన్నిటికీ యజమాని ఆయనే.

పన్నెండున్నరకు ఒకటి లేచి
పదకొండేళ్ల కింద మూసేసిన రాయచూరు బ్రాంచిని
ఇంకా భద్రం చేస్తోంది.
ఖాళీ పట్టికలు, వాటి నకళ్లు,
ఆ నకళ్లకు నకళ్లు.
ఒంటిగంటకు ఇంకొకటి
ఎప్పుడో పీకేసిన డ్రైవు తలుపు తట్టి
ఎవరూ పలక్కపోతే
ఫెయిలయ్యానని ఉత్తరం రాస్తుంది,
ఇలియాస్ భాయ్‌కే.
తెరిచే దిక్కులేని ఆ డబ్బాలో
నాలుగువేల పైచిలుకు ఉత్తరాలు.

మా నాయనమ్మకు జాబంటే ఉత్తరమే.
"జాబు వచ్చిందా" అని ఆమె అడిగినప్పుడల్లా
ఉద్యోగం సంగతనుకుని
రెండేళ్లు తల దించుకు తిరిగాను.

తుడిచేయలేదు. దెబ్బ తిన్నవాళ్లెవరూ తుడిచేయరు.
ఒక్కొక్కదాన్నీ ఆపి
నోటుబుక్కులో రాసుకున్నాను.
రాయచూరు, ఆపాను.
పీకేసిన డ్రైవు, ఆపాను.
"తాత్కాలికం", తొమ్మిదేళ్ల తాత్కాలికం, ఆపాను.
"ముట్టొద్దు", రాత్రి రెండుంబావు.
కాసేపు చూశాను.
అందులో రెండు మెట్లు.
మొదటిది చేసే పని ఇంకో జాబు ఎలాగూ చేస్తోంది.
రెండోది గోదాముకు ఏదో చిన్న ఫైలు.
ఆపాను.

ఆ సాయంత్రం వంతెన మీద
మూసీ వాసన కూడా అంత చెడ్డగా అనిపించలేదు.

శనివారం పొద్దున హమాలీ సాయిలు వచ్చాడు,
తువ్వాలతో మెడ తుడుచుకుంటూ.
"మేడమ్, మా లెక్క అస్తలేదు."
ఏ లెక్క?
"గోదాముల కంప్యూటర్ల పొద్దుగాల పడ్తది గదా,
ఎవలు ఎన్ని బస్తాలు మోసిండ్రో.
గుమస్తతోని పంచాయితైనప్పుడు
ఇలియాస్ భాయ్ పెట్టిండు."
గొంతు తగ్గించాడు.
"గుమస్తకు ఎర్క లేదు. మీరు చెప్పకుండ్రి."

అందుకా బ్యాకప్పు వేషం.
ఎవరూ తెరిచి చూడని పేరు పెట్టి
మోసినవాడి లెక్కను మోసినవాడికి పంపాడు.

మళ్లీ నడిపించాను.
నాలుగు రోజులదీ ఒక్కసారే వెళ్లింది.
సాయిలు తెర మీద వేలు పెట్టి
గుమస్తా చీటీతో పోల్చుకుంటూ చదివాడు.
మంగళవారం ఆరు బస్తాలు తక్కువ.
నాలుగు రోజులే నేను ఆపింది.

యజమాని గడిలో ఆయన పేరు తీసి
వకుళ అని కొట్టాను.
వివరణ గడి ఎప్పటినుంచో ఖాళీ.
నా తర్వాత వచ్చేవాళ్లకు రాసిపెట్టాను:
"ఇది బ్యాకప్పు కాదు.
ఆపితే శనివారం దాకా ఆగి చూడు."
పేరు మాత్రం మార్చలేదు, ముట్టొద్దు అనే ఉంది.

రాయచూరును ఇంకా తుడవలేదు.
దానికీ ఏదైనా శనివారం ఉందేమో.

నిన్న రాత్రి ఊరికే మెలకువ వచ్చింది.
ఫోను చూశాను.
రెండూ పదహారు.
జాబు చేరింది.