వేలెడు ఖాళీ

చించినాడ వంతెన దిగాక ఎడమచేతి పక్క
మూడో షెడ్డు నాది.
బోర్డు లేదు.
ఉప్పుగాలికి చిల్లులు పడ్డ పాత సైలెన్సరొకటి
వాసానికి వేలాడుతుంటుంది.
గాలొచ్చినప్పుడు అదే పలుకుతుంది.

మరిడమ్మ బండి వస్తోందని ముందే తెలుస్తుంది నాకు,
చప్పుడుతో కాదు, వాసనతో.
అంతర్వేదిలో తెల్లారకుండా ఎక్కించుకున్న చేపలు
పాలకొల్లు బజారుకి.
చెరో పక్కా ఒక ట్రే,
చేపల మీద ఐసు, ఐసు మీద తడి గోనె.
ఎడమ ట్రేకి ఏ బాధా లేదు.
కుడి ట్రే సైలెన్సరు మీదే కూర్చుంటుంది.

"ఐసు సగం దారికే నీళ్ళయిపోతందండి మేస్త్రీ,
కుడేపు మాగలకి కళ్ళు తెల్లబడతన్నాయ్.
కళ్ళు చూసే కదండీ బేరం."

వంగి చూశాను.
ఇంజను నుంచి దిగే వంపు గొట్టం
చదవడం వస్తే అన్నీ చెప్పేస్తుంది.
కాస్త వేడికి ఎండుగడ్డి రంగు,
ఇంకాస్తకి వంగపండు,
ఆపైన నీలం.
ఈవిడ గొట్టం నెమలి మెడలా ఉంది.
లోపల పెట్రోలు తక్కువై, గాలి ఎక్కువై మండుతోంది.
మైలేజీ కోసం ఎవరో స్క్రూ తిప్పేశారు.
ఎవరని అడిగితే "మా అల్లుడండి" అని
నేలకేసి చూసింది.
పావు చుట్టు తిప్పి సరిచేశాను.
నీలం మాత్రం పోదు, ఒకసారి పడితే.

ఇక నా తెలివి మొదలైంది.
తడిపిన కొబ్బరి తాడు చుట్టాను గొట్టానికి.
మర్నాడు దిండి చేరేలోపే పొగలేసింది.
చేపలకి హోమం వాసనట,
ఎవరూ కొనలేదట.
తర్వాత తెల్ల టేపు, విశాఖ నుంచి తెప్పించి,
పందేల బళ్ళకి చుట్టేది.
వేడి ఆగింది. కాలరెగరేశాను నేను.
శ్రావణంలో ఆ టేపు వానంతా తాగి కూర్చుంది.
దీపావళికి విప్పితే
గొట్టం వేలికి అప్పడంలా విరిగింది.
కట్టేసిన వేడి
తన ఇంటినే తినేసింది.

మూడోసారి వచ్చినప్పుడు తిట్టలేదు మరిడమ్మ.
టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని
మా షెడ్డు పైకప్పు చూస్తూ అంది,
"మా ఇంటికీ రేకులేనండి.
వేసంగిలో పెనం కింద ఉన్నట్టే.
జానెడు వదిలి కింద తాటాకు కట్టాను.
ఆనించి కడితే లాభం లేదండోయ్,
ఆకూ కాలిపోద్ది.
మజ్జన గాలి ఆడాలి.
అప్పుడు పిల్లలు పడుకుంటారు."

ముప్పై ఏళ్ళుగా ఇదే పని నాది.
కుడి పిక్క మీద ఎనిమిదో ఏట పడ్డ సైలెన్సరు మచ్చ,
దాని మీద మా మేనమామ సిరా బుడ్డి ఒంపిన గుర్తు.
ఇన్నాళ్ళూ వేడికి అడ్డంగా
మందమైనదేదో పెట్టాలనే అనుకున్నాను.

నూనె డబ్బా రేకు కత్తిరించాను.
అరిగిన నట్లు నాలుగు ఏరి
గొట్టానికీ రేకుకీ నడుమ బిగించాను,
నా చిటికెన వేలు దూరి తిరిగేంత ఖాళీ.
బండి కదిలితే గాలి దూరడానికి ముందు నోరు,
పోవడానికి వెనక దారి.
రేకు మీద సగం వేరుశనగకాయ బొమ్మ
ఇంకా మిగిలే ఉంది.

లోపల మంట పెట్టిన గాలే
బయట కాపలా కాస్తోంది.
దీన్నేమంటారో నాకు తెలీదు.
బిల్లులో "రేకు పని" అని రాశాను,
ఎనభై రూపాయలు.

పది రోజుల తర్వాత
బండి స్టాండు వెయ్యకుండానే
నా పానాల పెట్టె మీద
కాగితం పరిచి రెండు మాగలు పెట్టింది.
డబ్బులిచ్చేశావుగా అన్నాను.
వంగి చూస్తే
ఆ కంట్లో నా షెడ్డు కనబడుతోంది,
వేలాడే సైలెన్సరుతో సహా.

"కుడేపు ట్రేలోవండి" అంది.