బి స్పీకర్లు

ఎర్రగడ్డ ఆదివారం సంతలో
మూతల్లేని మిక్సీ జార్లకూ జత తప్పిన బూట్లకూ నడుమ
తొమ్మిది వందలకు బేరం తెగింది.
పదకొండు కిలోలు.
వారాసిగూడ దాకా ఆటోలో ఒళ్లో పెట్టుకొచ్చాను.
పసిబిడ్డను తెచ్చినట్టు అని రాయను.
తొడలు తిమ్మిరెక్కాయి, అంతే.

ప్లగ్గు పెట్టగానే ట్యూనర్ అద్దం వెనక
పలచటి టీ రంగు వెలుతురు,
లోపల నిద్రపోతున్న రెండు ముళ్లు.
నాలుగు సెకన్లు ఏమీ లేదు.
తర్వాత ఎక్కడో లోపల టక్‌మంది,
ఒళ్లు తడుముకుని, సరే బతికే ఉన్నాను, అన్నట్టు.
ఆపైన మళ్లీ ఏమీ లేదు.

మూడు రోజులు వైర్లు పీకాను, కొసలు చెక్కాను, దూర్చాను.
నాలుగోనాడు కోఠి గుజరాతీ గల్లీలో
ముజ్తబా సాబ్ నా ఫోన్‌లో ఫొటో చూసి
చాయ్ కప్పు దించకుండానే అన్నాడు:
"టేప్ మానిటర్ గుండీ లోపటికున్నది.
లేని క్యాసెట్ డెక్కు పాడుతదేమో అని
అది చెవి అటే పెట్టి కూసున్నది. బయటికి తియ్."

తీశాను. పలికింది.
కానీ వార్తల గొంతు రేకుడబ్బాలోంచి,
మృదంగం ఉంది, దాని కడుపు లేదు.
మళ్లీ కోఠి.
"ఒకదానికి ఎరుపు ఎరుపుకిచ్చినవ్, ఇంకోదానికి నలుపుకి.
ఒకటి ముందటికి తోస్తే ఇంకోటి ఎనకకు గుంజుతది.
రెండూ మస్తు కష్టపడ్తయి బేటా,
నడిమిట్ల మోత సచ్చిపోతది."
మా ఆఫీసులో ఇద్దరు సూపర్‌వైజర్లు గుర్తొచ్చారు.
లేస్తుంటే మరో మాట:
"ఎనిమిది ఓమ్‌లవే పెట్టు. నాలుగువి పెట్టినా మోస్తది,
మోసి మోసి చెప్పకుండ కాలిపోతది."

బ్యాలెన్స్ మర ఎడమకు వాలి ఉంది.
తిప్పితే గరగర.
దాన్ని అట్లా వదిలిన చేతికి
ఎడమ చెవి కాస్త మందమై ఉండాలి.
నడిమికి తెచ్చాను, ఎవరినీ అడగకుండా.

వెనక దుమ్ము తుడుస్తుంటే
బి స్పీకర్ల బిగింపుల పైన
బాల్‌పెన్నుతో, వంకర అక్షరాల్లో:
వంటగది.

అంటే ఎవరో గోడకు చిల్లు పొడిచి
పోపు చిటపటల దాకా తీగ లాగారు.
ఎవరి కోసమో, ఏ వార్తల కోసమో,
ఆ మనిషి "కొంచెం తగ్గించు" అని అరిచేదో
"పెంచు" అని అరిచేదో.

నాది ఒకటే గది.
స్టవ్వు ఆ మూల, పడక ఈ మూల.
బికి తగిలించడానికి నా దగ్గర ఏమీ లేదు.
అయినా కొన్ని సాయంత్రాలు
కుక్కర్ పెట్టాక ఏ ఆపి, బి నొక్కుతాను.
గదిలో చప్పుడుండదు.
ముళ్లు రెండూ ఊగుతూనే ఉంటాయి.
ఎక్కడికో వెళ్తున్నట్టే ఉంటుంది మాట.

మూడో కూత.
లేచి, ఏ నొక్కుతాను.