తూకం పుస్తకం

ముప్పై ఏండ్లు పేల్చినోళ్ల కాడ
లెక్క లేదంట.
సున్నపుదిన్నె గుట్ట కింద
ఎన్ని గుండ్లు పడినాయో
ఏ కాయితంలోనూ లేదంట.

ఎర్ర జెండాలు పాతుకుంటా వచ్చి
నా పాత ఇనుము కొట్టు ముందర నిలబడినాడు
మిలిటరీ ఇంజనీరు.
"పక్కీరయ్యా, నీ కాడ పుస్తకం ఉందంట కదా?"

ఉంది.
బుడ్డల రేటు పడిపోయిన ఏడు
ఇత్తడి పద్దులే ఎక్కువ.
కురుబ మల్లేశు, నాలుగు కిలోలు, అమ్మకు మాత్రలు.
బోయ లింగన్న, రెండున్నర, బడి ఫీజు.
సీసానికి వేరే పేజీ.
సీసం మెత్తగ ఉంటాది,
పిల్లోళ్లు పంటితో కొరికి చూసి తెచ్చేటోళ్లు.
నేనే నేర్పించినా.

ఎవరు యాడ ఏరినారో రాసుకోవడం నా అలవాటు,
దొంగ సరుకు కాదని చెప్పుకోను.
వంక మలుపు. రేగుచెట్టు కాడ. గొర్లు తాగే గుంత.
పేజీ తిప్పినప్పుడల్లా ఆయన
పటం మీద చుక్క పెడతాన్నాడు.

సుంకమ్మ బిందె దించింది.
"సార్, చుక్కలు మా బోరు దాకా వచ్చినాయా?"
"నీళ్లు పరీక్షకు పంపినాం తల్లీ."
"పోయిన ఎండాకాలమూ పంపినారు.
రిపోర్టు వచ్చేదాకా దప్పిక ఆగుతాదా?"

ఆయన తల ఎత్తలే.
ఒక పద్దు కాడ వేలు ఆగింది.
అక్కడ బరువు లేదు, రేటు లేదు.
హొన్నూరు, పదకొండేండ్లు, అని ఉంది.

"ఇదేంది?"

"పేలకుండా మిగిలిందాన్ని
నా కొట్టుకే తెస్తాండె సార్.
వాకిలి దాకా రాలే."

ఆ చోటు కూడా చూపించినా.
చుక్క పెట్టుకున్నాడు,
మిగతా చుక్కలంతే.