మూడు మూలల ముక్క

ఆటోనగర్ రెండో లైన్లో షట్టర్ ఎత్తేసరికే
బొంజుబాబు జీపు నిలబడి ఉంది,
కుడిపక్కకి ఒరిగి,
పంటినొప్పి మనిషి చెంప పట్టుకున్నట్టు.

నిరుడు నాలుగంగుళాలు ఎత్తించాడు దాన్ని.
పాడేరు దాటి లోపలికెళ్తే రోడ్డు అయిపోతుంది,
గెడ్డ మొదలవుతుంది.
గెడ్డ రాళ్లమీంచి సంతకి పసుపు బస్తాలు, పిప్పళ్లు,
ఒక్కోసారి నొప్పులొచ్చిన మనిషి.
ఎత్తు కావాలి మరి.
చూసినవాళ్లంతా ఎత్తునే మెచ్చుకున్నారు.
బరువు ఎక్కడ దిగుతోందో ఎవరూ అడగలేదు.

"మొన్న గెడ్డ దాటతంటే టక్కుమంది.
అప్పట్నించీ స్టీరింగు నా మాట ఇనదు."

అట్టపెట్టె పరుచుకుని కిందకి దూరాను.
ఛాసిస్‌కి గడ్డకట్టిన ఏజెన్సీ ఎర్రమట్టి
గోకితే నా కళ్లద్దాల మీదే రాలింది.
వెనక కుడి బ్రాకెట్టు.
కమాను చెవిని పట్టుకునే చోట
వెంట్రుక మందాన ఒక గీత,
అందులోంచి తుప్పు
టీ మరకలా కిందకి జారి ఉంది.

వేలితో తడిమాను.
కంటికన్నా ముందు వేలికి తెలిసింది.
ఈ పూస నాదే.

చివర్లో ఎడమకి జారిపోయే తోక,
ఎవరి సంతకం వాళ్లకి తెలీదా?
ఆ రోజు కరెంటు రెండుసార్లు పోయింది.
బీచ్‌లో నేవీ విన్యాసాలు చూపిస్తానని
మా పిల్లకి మాటిచ్చాను.
లోపల బుడగలున్నాయని తెలుసు.
నల్లరంగు కొట్టేశాను.
హెలికాప్టర్లు భలే తిరిగాయి.
నా భుజాలమీద కూర్చుని చప్పట్లు కొట్టింది పిల్ల.

బొంజుబాబు వంగి టీ గ్లాసు అందించాడు.
"రాయి దెబ్బేనంటావా?"
"రాయి కాదు" అన్నాను.
అప్పటికి అంతే వచ్చింది నోట్లోంచి.

బ్యాటరీ వైరు పీకాను.
పగులు కొస వెతికి అక్కడొక బెజ్జం వేశాను,
ఇక ముందుకి పాకకుండా.
పాత పూసని గ్రైండర్‌తో లేపుతూ పోతే
లోపల తేనెపట్టు,
తేనె లేనిది.

షిప్‌యార్డు దాలినాయుడు మేస్త్రి
బీడీ ఆర్పుతూ అనేవాడు:
"బలం ఎక్కువైపోనా తప్పేరా.
ఇక్కడ మరీ బిగించీసేవనుకో,
పక్కన ఇరుగుద్ది."
అందుకే ప్లేటుని పొడుగ్గా తీసుకుని
కొసల్ని వంజరం తోకలా చీల్చాను,
బరువు ఒకేచోట గుచ్చుకోకుండా.
ఐదు మిల్లీమీటర్ల రేకుతో గసెట్టు ముక్క,
మూడు మూలలూ ఆకురాయితో గుండ్రం చేశాను.
పదును మూలలోనే పగులు పుడుతుంది.

అంగుళం ఇటు, అంగుళం అటు.
చల్లారనియ్యి. మళ్లీ అంగుళం.
మధ్యాహ్నం బస్సులన్నీ స్టీల్‌ప్లాంటు వైపు మళ్లాయి,
నేనింకా రెండో వైపుకి రాలేదు.

ఉప్పుగాలి ఊరు ఇది.
పూస చల్లారగానే ప్రైమర్ పడాలి,
లేకపోతే రాత్రికే ఎర్రబడుతుంది.
డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేశాను.
"బొంజుబాబూ, కిందకి రా."

వచ్చి నా పక్కనే అట్టమీద పడుకున్నాడు.
టార్చి అతని చేతికిచ్చాను.
పెదాలు కదుపుతూ
పూస మీది పొలుసుల్ని లెక్కపెడుతున్నట్టు చూశాడు.

"పోయినసారి ఇలా పిలవలేదు నువ్వు."
"లేదు."
"ఏం?"
"చూపించేలా లేదు."

పక్కషెడ్డులో ఎవరో రేకు కొడుతున్నారు,
ఆగి, మళ్లీ కొడుతున్నారు.
టార్చి వెలుగు మెల్లగా
ఆక్సిల్ మీదుగా అవతలికి పాకింది.

"మరి ఎడంపక్కది?"

నేనేం మాట్లాడలేదు.
జాకీని అటు జరిపాను.