మోచేతి ఎత్తు

నడుం నొప్పని చెబితే
వీరభద్రాచారి టేపు తియ్యలేదు.
కుర్చీలో కూర్చోమన్నాడు, మోచెయ్యి మడవమన్నాడు,
చెవి మీది పెన్సిల్ తీసి
నా వెనక గోడ మీద గీత గీశాడు.
"బల్ల ఇక్కడికి రావాలమ్మా.
ఇప్పుడు నాలుగు వేళ్ళు ఎత్తుంది.
నీ భుజాలు చెవులతో చుట్టరికం కలుపుకుంటున్నాయి
చూసుకున్నావా?"

చూసుకోలేదు.
రెండేళ్ళుగా పాత దస్తావేజులే చూస్తున్నాను.
ఉత్తరం: పంట బోదె.
దక్షిణం: ఫలానా వారి కొబ్బరితోట.
పసుపెక్కిన కాగితాల్లోని హద్దులన్నీ
ఒక్కటొక్కటే టైపు చేస్తాను.
పొద్దున్న ఎనిమిదింటికి కూర్చుంటే
దీపాలవేళకి నా మెడ
ఎవరో దాచుకోమని ఇచ్చిపోయిన బరువులా ఉంటుంది.

ఆచారి ఒకప్పుడు నరసాపురం రేవులో
చెక్క పడవలు చేసినవాడు.
బల్లని బోర్లించి, కాళ్ళు కోస్తూ,
రంపంతో మాట్లాడుతున్నట్టు అన్నాడు:
"మనిషిని చూసి తెడ్డు చెక్కుతాం.
తెడ్డుని చూసి మనిషిని చెక్కం గదా."

కోసిన ముక్కలు నాలుగు.
రెండు తెర కిందికి పోయాయి, చూపు తిన్నగా వెళ్ళేలా.
రెండింటి మీద పలక కొట్టి
పాదాల కింద పెట్టాడు.
కాళ్ళు ఆనాక గానీ తెలియలేదు
ఇన్నాళ్ళూ వేలాడుతున్నానని.

ఇక కిటికీతో పేచీ.
ఎదురుగా ఉంటే కళ్ళల్లో గోదారి,
వెనక ఉంటే తెర మీద గోదారి.
పదింటి ఎండ నీళ్ళ మీంచి ఎగిరొచ్చి
కొన్నవారినీ అమ్మినవారినీ కలిపి చెరిపేస్తుంది.
బల్లని అడ్డంగా తిప్పాం.
నది ఇప్పుడు నా ఎడమ చెవి పక్కన ఉంటుంది.

పక్కింటి మార్తమ్మ నలభై ఏళ్ళుగా లేసు అల్లుతోంది.
నా చేతులకని బూరుగుదూది దిండొకటి తెచ్చింది,
దానికీ అంచు అల్లింది,
అంచు లేకుండా ఆవిడ ఇల్లు దాటేది ఏదీ లేదు.
సాయంత్రం నా మణికట్టు తిప్పి చూసింది.
చర్మం మీద పువ్వు అచ్చు.
"నొక్కుతున్నావన్నమాట. చెయ్యి తేలాలి.
వేళ్ళు పనిచేస్తే చాలు, మణికట్టుకేం పని?"

ఇంకో మాట కూడా చెప్పింది:
సఖినేటిపల్లి నుంచి పంటు వచ్చి
హారన్ కొట్టినప్పుడల్లా లేవమంది,
అవతలి గట్టు కొబ్బరి మొవ్వుల దాకా చూపుని పంపి
తీరిగ్గా వెనక్కి తెచ్చుకోమంది.
లేచేదాన్ని. చాలాసార్లు.
కొన్నిసార్లు, ఈ ఒక్క దస్తావేజు అయ్యాక, అనుకునేదాన్ని.

శ్రావణంలో ఎర్రనీరు దిగింది.
పంటు కట్టేశారు.
హారన్ లేదు, నేను లేవలేదు.
ఒక ఊరి హద్దులన్నీ ఒక్క కూర్పులో పూర్తిచేసి
లేవబోతే మోకాళ్ళు ఒప్పుకోలేదు.
అప్పుడు గోడ దడదడలాడింది.
అవతల మార్తమ్మ, చేతిలో పచ్చడిబండ:
"ఉన్నావా? బిగుసుకుపోయావా?"

ఆవిడ మెడ వెనక ఎముక
చింతపిక్కంత పొడుచుకొచ్చి ఉంటుంది.
ఎన్నిసార్లు చూశానో, అడగలేదు.
వరద తగ్గాక ఆచారిని పిలిచి
ఆవిడనీ అదే కుర్చీలో కూర్చోబెట్టాం.
నా గీత ఆవిడకి అందలేదు.
జానెడు కిందికి ఇంకో గీత పడింది.
"నేల మీద పీటేసుకునేదానికి కుర్చీ ఎందుకయ్యా" అంటూనే
చేతుల కుర్చీకి బయానా ఇచ్చింది,
చిల్లర నోట్లు, లెక్కపెట్టి.

పంటు మళ్ళీ తిరుగుతోంది.
అయినా గోడ దెబ్బలు మానలేదు,
ఇప్పుడు రెండు వైపుల నుంచీ.

ఇందాక నేనే కొట్టాను.
చప్పుడు లేదు.
ఇంకోసారి కొట్టాను.

"ఉండమ్మా," అంది,
"ఈ పువ్వు అయ్యాక."